ఆలస్యం ఖరీదు పదిహేను పైసలు

2025 జులై 8న కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ రాష్ట్రాలకు ఒక లేఖ పంపింది. ఉపాధి హామీ పనుల దగ్గర యాప్‌లో వేస్తున్న హాజరులో ఏయే తిరకాసులు బయటపడ్డాయో అందులో వరసగా రాశారు. పనికి సంబంధం లేని ఫోటోలు ఎక్కుతున్నాయి. మస్టర్‌లో, అంటే హాజరు పట్టీలో, ఉన్నంతమంది ఫోటోలో ఉండటం లేదు. మస్టర్‌లో ఆడవాళ్ల పేర్లుంటే ఫోటోలో మీసాలు కనిపిస్తున్నాయి. పొద్దున నిలబడినవాళ్లు వేరు, మధ్యాహ్నం నిలబడినవాళ్లు వేరు. ఒకే మనిషి ఒకటికి మించిన మస్టర్లలో ప్రత్యక్షమవుతున్నాడు. వీటన్నిటికీ తలమానికం మరొకటి: కొన్నిచోట్ల మనుషులకు ఫోటో తీయడం మానేసి, పాత ఫోటోకే ఫోటో తీసి పంపుతున్నారు. ఎండలో ఎవరినీ నిలబెట్టకుండా హాజరు వేసిన ఆ మేటు దయామయుడో, కంత్రీవాడో లేఖలో లేదు.

ఆ యాప్ 2021 మేలో వచ్చింది. 2023 జనవరి 1 నుంచి తప్పనిసరి అయింది. రోజుకు రెండు ఫోటోలు, వాటి మీద సమయం, స్థలం ముద్ర. కూలి మనిషి ఎంతసేపు పనిలో ఉన్నాడో ఢిల్లీకి కూడా తెలిసిపోవాలని ఏర్పాటు. మోసం బయటపడ్డాక విరుగుడు కూడా ఆ లేఖలోనే చెప్పారు. గ్రామ పంచాయతీ స్థాయిలో ప్రతి ఫోటోనూ ఒక ఉద్యోగి కళ్లతో చూసి సరిపోల్చాలి. మండలంలో కొన్ని, జిల్లాలో కొన్ని, రాష్ట్రంలో కొన్ని మళ్లీ చూడాలి. అంటే కూలీ పని చేశాడో లేదో చూడటానికి యాప్, యాప్ నిజం చెప్పిందో లేదో చూడటానికి ఉద్యోగి, ఉద్యోగి చూశాడో లేదో చూడటానికి పై ఉద్యోగి. వీళ్లందరికీ కలిపి రోజుకు ఎన్ని గంటలు పడుతోందో లెక్కగట్టే యాప్ మాత్రం ఇంకా తయారు కాలేదు.

మే నెల అనంతపురంలోనో పాలమూరులోనో కరువు పనికి వెళ్లేవాళ్లు తెల్లవారకముందే పార, గడ్డపార, తట్ట సర్దుకుంటారు. ఎండ నెత్తికెక్కేలోపు ఆ రోజు కొలత అయిపోవాలి. ఇది గంటల కూలి కాదు, కొలతల కూలి. ఎన్ని ఘనపు మీటర్ల మట్టి తీస్తే అంత డబ్బు. కొలత అయ్యాక ఇంటికెళ్లి గంజి తాగి పడుకుంటే అడిగేవాడు ఉండకూడదు. కానీ మొదటి ఫోటో తీసిన నాలుగు గంటల దాకా రెండో ఫోటో తీయడానికి యాప్ ఒప్పుకోదు. కాబట్టి పని అయిపోయిన మనిషి, పనిలో ఉన్నట్టు కనిపించడం కోసం, తవ్విన గుంత పక్కన కూర్చోవాలి. లేదంటే ఇంటికి వెళ్లి, ముఖం కడుక్కుని, ఫోటోకి మళ్లీ రావాలి. సిగ్నల్ దొరకని చోట మేటు ఫోన్ పైకెత్తి గట్టు ఎక్కుతాడు. రెండో ఫోటోలో లేకపోతే పొద్దున తవ్విన మట్టి తవ్వనట్టే.

దీనిమీద 2023 ఫిబ్రవరిలో కూలీలు ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర వంద రోజుల ధర్నా అంటూ కూర్చున్నారు. వంద రోజుల పని ఇస్తామన్న చట్టం కింద ఆ అంకె నిజంగా వాడకానికి వచ్చిన సందర్భాల్లో అదొకటి.

పనికి ఎంతసేపు పడుతుందో చూడటమే తప్పని దీని అర్థం కాదు. ఒకప్పుడు ఇదే పథకంలో గడియారం కూలీ పక్షాన నిలబడింది. చట్టం వచ్చిన కొత్తలో మట్టి పనికి ఇచ్చే రేట్లు పాత ఇంజనీరింగ్ పుస్తకాల్లోవి, కాంట్రాక్టర్లను దృష్టిలో పెట్టుకుని రాసినవి. ఆ రేట్ల ప్రకారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా తవ్వినా కనీస వేతనం గిట్టేది కాదు. ఏడు గంటలు పనిచేస్తే మామూలు మనిషికి ఆ వేతనం దక్కేలా రేటు ఉండాలని చట్టం అనుబంధంలోనే రాశారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వర్క్ టైమ్ మోషన్ అధ్యయనాలు చేయించి, నిజంగా మనుషులు తవ్వుతుంటే పక్కన నిలబడి చూసింది. మెత్తటి నేల వేరు, మొరం నేల వేరు. తట్ట మోసే దూరం వేరు, గట్టు ఎక్కించే ఎత్తు వేరు. వాటి ప్రకారం రేట్లు మార్చారు. వేసవి నెలల్లో 20 నుంచి 30 శాతం అదనంగా కట్టారు. ఎండలో పని నెమ్మదిస్తుందన్న సంగతి కూలీలకు తరతరాలుగా తెలుసు. సర్కారు కాగితం మీదికి అది ఎక్కడానికి స్టాప్‌వాచ్ సాక్ష్యం కావలసి వచ్చింది.

అదే చట్టంలో సర్కారుకు కూడా ఒక గడియారం పెట్టారు. మస్టర్ ముగిసిన పదిహేను రోజుల్లో కూలి డబ్బు పడాలి. పడకపోతే పదహారో రోజు దాటాక, రావలసిన మొత్తం మీద రోజుకు 0.05 శాతం పరిహారం ఇవ్వాలి. 2024–25లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ రోజు కూలి 300 రూపాయలు. దాని మీద 0.05 శాతం అంటే పదిహేను పైసలు. ఆరు రోజులు పనిచేసిన మనిషికి 1,800 రావాలి. అది నెల రోజులు ఆలస్యమైతే ప్రభుత్వం చెల్లించుకోవలసిన జరిమానా 27 రూపాయలు. కూలీ రెండో ఫోటోకి ఆలస్యమైతే పోయేది 300. ఈ రెండు అంకెల్నీ నిర్ణయించిన వాళ్లకు లెక్కలు రావని ఎవరూ అనలేరు.

పని పక్కన స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడటాన్ని శాస్త్రంగా మార్చిన పెద్దమనిషి ఫ్రెడరిక్ టేలర్. అమెరికాలో బెత్లెహెమ్ ఉక్కు కర్మాగారంలో ఇనుప దిమ్మెలు మోసే పనిని ఆయన లెక్కగట్టాడు. ఒక్కో మనిషి రోజుకు పన్నెండున్నర టన్నులు మోస్తున్నాడు, మోయగలిగింది నలభై ఏడున్నర టన్నులు అని తేల్చాడు. 1911లో వేసిన పుస్తకంలో షిమిట్ అనే పేరుతో ఒక కూలీ కథ చెప్పాడు. షిమిట్ ఇంతకు ముందు రోజుకు 1.15 డాలర్లు తెచ్చుకునేవాడు. కొత్త పద్ధతిలో 1.85 డాలర్లు తెచ్చుకున్నాడు. బరువు దాదాపు నాలుగింతలు, కూలి ఒకటిన్నర రెట్లకు కాస్త ఎక్కువ. ఈ గుణకారం ఏ యజమానికి నచ్చదు? 1974లో ఇద్దరు పరిశోధకులు పాత రికార్డులు తిరగేసి, టేలర్ చెప్పిన కథలో కల్పన పాలు బాగా ఎక్కువని చూపించారు. అప్పటికి ఆ కథ అరవై ఏళ్లపాటు మేనేజ్‌మెంట్ పాఠాల్లో బతికేసింది.

1911 ఆగస్టులో మసాచుసెట్స్‌లోని వాటర్‌టౌన్ ఆయుధ కర్మాగారంలో పోతపని కార్మికులు, తమ పక్కన స్టాప్‌వాచ్ పట్టుకుని మనిషి నిలబడితే పనిచేయమని బయటికి నడిచారు. వ్యవహారం అమెరికా కాంగ్రెస్ దాకా వెళ్లింది. విచారణ జరిగింది. చివరికి సైన్యం బడ్జెట్‌లోనే ఒక షరతు పెట్టారు, ప్రభుత్వ ఆయుధ కర్మాగారాల్లో స్టాప్‌వాచ్ కొలతలకు డబ్బు ఖర్చు పెట్టకూడదని. ఆ నిషేధం 1949 దాకా నడిచింది. అంటే రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ ఆ కర్మాగారాల ఫిరంగులు స్టాప్‌వాచ్ లేకుండానే తయారయ్యాయి.

టేలర్ కాలం వాడే ఫ్రాంక్ గిల్బ్రెత్ కొంచెం నయం. ఇతరుల మీద ప్రయోగించింది తన మీదా ప్రయోగించుకున్నాడు. తాపీ మేస్త్రీ ఒక ఇటుక పెట్టడానికి పద్దెనిమిది కదలికలు చేస్తుంటే వాటిని ఐదుకు తగ్గించాడు. ఇంట్లో చొక్కా మీది కోటు గుండీలు కింది నుంచి పైకి పెట్టుకునేవాడు, పై నుంచి కిందికి అయితే నాలుగు సెకన్లు ఎక్కువ పడుతుందని. రెండు చేతులతో రెండు కత్తులు పట్టి గడ్డం గీస్తే 44 సెకన్లు కలిసొస్తాయని కూడా కనిపెట్టాడు. తెగిన గొంతుకు కట్టు కట్టుకోవడానికి రెండు నిమిషాలు పట్టింది. ఆయన బాధ గాయం గురించి కాదు, ఆ రెండు నిమిషాల గురించేనని పిల్లలు తర్వాత రాసుకున్నారు.

గిల్బ్రెత్ చేసినట్టు తమ గొంతు మీద తామే కత్తి పెట్టుకునే అధికారులు తక్కువ. 2022 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధ్యాయులకు ముఖ హాజరు యాప్ వచ్చింది, అదీ సొంత ఫోన్లలో. సంఘాలు అభ్యంతరం చెప్పాయి. 2025 ఆగస్టు 1 నుంచి తెలంగాణ టీచర్లకూ వచ్చింది. టీచరు బడికి ఎన్నింటికి వచ్చాడన్నది ఇప్పుడు సెకన్లతో సహా తెలుసు. వచ్చాక ఏం చేశాడన్నది వేరే సంగతి. ఒక దశలో ఆంధ్రలో టీచర్లు మరుగుదొడ్ల ఫోటోలు కూడా యాప్‌లో ఎక్కించారు. బడి మొదలయ్యే వేళ ఆవరణలో మాస్టారు ఒక కాలు ముందుకి, ఒక కాలు వెనక్కి వేస్తూ సిగ్నల్ వెతుకుతుంటే పిల్లలు ఆసక్తిగా చూస్తారు. ఎక్కాలకు ఎంతసేపు మిగిలిందని ఏ యాప్ అడగదు.

గడియారం పైకి వెళ్లేకొద్దీ దాని ముల్లు మెత్తబడుతుంది. 2005 సమాచార హక్కు చట్టం కింద అడిగిన సమాచారం 30 రోజుల్లో ఇవ్వాలి. మనిషి ప్రాణానికో స్వేచ్ఛకో సంబంధించినదైతే 48 గంటల్లో. కారణం లేకుండా ఆలస్యం చేస్తే అధికారికి రోజుకు 250 రూపాయల జరిమానా, గరిష్ఠంగా 25,000. భాగించి చూస్తే సరిగ్గా వంద రోజులు. నూటొకటో రోజు నుంచి ఆలస్యం ఉచితం. ఆ వందకు కూడా సమాచార కమిషన్ జరిమానా వేస్తేనే గదా.

2011 నవంబరులో మొదలైన మీ సేవలో కొన్ని పత్రాలు పదిహేను నిమిషాల్లో కౌంటర్ దగ్గరే చేతికిస్తామన్నారు, చాలాచోట్ల ఇచ్చారు కూడా. 2019 అక్టోబరు 2న ఆంధ్రలో గ్రామ సచివాలయాలు తెరిచినప్పుడు 72 గంటల్లో సేవలన్నారు. ఆ గడియారం అర్జీ కంప్యూటర్లోకి ఎక్కిన క్షణం నుంచి నడుస్తుంది. సర్వర్ డౌన్ అని బెంచీ మీద కూర్చున్న పూట అందులోకి రాదు. ఆధార్‌లో ఇంటిపేరుకీ రేషన్ కార్డులో ఇంటిపేరుకీ ఒక అక్షరం తేడా ఉందని మండలానికి తిరిగిన పూటలూ రావు. అర్జీని సందేహంతో వెనక్కి పంపిస్తే ముల్లు మళ్లీ సున్నా దగ్గరికి. కౌంటర్‌కి ఇవతల జరిగిన కాలం ప్రజల సొంత కాలం. దానికి లెక్క ఎందుకు?

ఇక మాదాపూర్, గచ్చిబౌలి అద్దాల మేడల్లో పరిస్థితి ఇంకా నాజూకు. అక్కడ ఎవరూ స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడరు. ఎవరి కాలం వాళ్లే రాసుకోవాలి, టైమ్‌షీట్‌లో. శుక్రవారం సాయంత్రం మెయిల్ వస్తుంది, షీట్ నింపనివాళ్ల పేర్లు పై మేనేజర్‌కి వెళ్తాయని. అప్పుడు మొదలవుతుంది సాహిత్యం. సోమవారం ఏం చేశామో గుర్తుండదు. కానీ మొత్తం నలభై గంటలో, నలభై ఐదో రావాలన్నది ఖాయం. జవాబు ముందే ఉంది కాబట్టి లెక్కను వెనక నుంచి చేసుకుంటూ వస్తారు. మీటింగులకు నాలుగు, కోడింగ్‌కి ఇరవై, టెస్టింగ్‌కి పది, మిగిలింది ‘ఇతరములు’. ఆ గంటలే క్లయింటుకి బిల్లు అవుతాయి. 2025 జూన్‌లో టీసీఎస్ తన ఉద్యోగులు ఏడాదికి 225 రోజులు బిల్లయ్యే పనిలో ఉండాలని, పని లేకుండా బెంచీ మీద 35 రోజులు మించకూడదని నిబంధన పెట్టాక, ‘ఇతరములు’ రాయడానికి చేయి వణకడం సహజం.

పని మొదలయ్యే ముందే అది ఎంతసేపు పడుతుందో చెప్పమంటారు. అది బేగంబజార్‌లో చీర బేరంలా సాగుతుంది. “ఐదు రోజులు పడుతుందన్నా” అంటాడు కుర్రాడు. “రెండ్రోజులు చాలు కదా బ్రో, చిన్న చేంజే” అంటాడు లీడ్. మేనేజర్ క్లయింటుకి రేపు అని చెప్పి ఉంటాడు. చివరికి పన్నెండు రోజులు పడుతుంది. మళ్లీసారి కుర్రాడు ఐదు రోజుల పనికి పది అడుగుతాడు. లీడ్ దాన్ని నాలుగు చేస్తాడు. ఈ మధ్యలో పనికి నిజంగా ఎంత పడుతుందన్నది ఇద్దరూ మరిచిపోతారు. రోజూ పొద్దున జరిగే నిలువుగాళ్ల సమావేశం పదిహేను నిమిషాలేనని స్క్రమ్ అనే పని పద్ధతికి గైడ్ రాసినవాళ్లు స్పష్టంగా రాశారు. వాళ్లు హైదరాబాద్ రాలేదు.

పని చేస్తున్నట్టు కనిపించే విద్య ఆఫీసుల్లోనూ ఉంది. అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు 2024లో డజనుకు పైగా ఉద్యోగుల్ని తీసేసింది. పని చేయకుండా కీబోర్డు కదులుతున్నట్టు కంప్యూటర్‌ని నమ్మించారని కారణం చూపింది. ఫోటోకి ఫోటో తీసిన మేటుకి, వీళ్లకి పరిచయం లేదు. చదువులు వేరు, జీతాలు వేరు. కానీ పై నుంచి చూసేవాడికి ఏం కావాలో ఇద్దరికీ ఒకేలా అర్థమైంది.

కూర్చున్నవాడు నిజంగా పనిచేద్దామనుకున్నా కుదరని సందర్భాలే ఎక్కువ. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో గ్లోరియా మార్క్ బృందం ఆఫీసు ఉద్యోగుల వెనక నీడలా తిరిగి సెకన్లు లెక్కపెట్టింది. మధ్యలో ఆగిన పనికి మళ్లీ తిరిగి రావడానికి సగటున 25 నిమిషాలు పడుతోందని, ఈలోపు మరో రెండు పనులు అడ్డొస్తున్నాయని 2005లో ప్రకటించింది. అప్పటికి వాట్సాప్ గ్రూపులు లేవు. ఎనిమిది గంటల్లో ఇలాంటివి ఎన్ని ఉన్నాయో తేల్చకుండానే గంటలు పెంచే మాటలు వచ్చేశాయి. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ అధిపతి సుబ్రహ్మణ్యన్ వారానికి 90 గంటలన్నారు, ఇంట్లో కూర్చుని భార్యను ఎంతసేపు చూస్తారని కూడా అడిగారు. అదే ఏడాది జులైలో తెలంగాణ ప్రభుత్వం వారానికి 48 గంటలు దాటకుండా, వాణిజ్య సంస్థల్లో రోజుకు పది గంటల దాకా పని చేయించుకోవచ్చని ఉత్తర్వు ఇచ్చింది.

ఎంతసేపు పడుతుందన్న అంచనా తప్పడం బద్ధకస్తుల జబ్బు మాత్రమే అనుకుంటే పొరపాటు. కెనడాలో మనస్తత్వ శాస్త్రవేత్తలు బ్యూలర్, గ్రిఫిన్, రాస్ 1994లో ఒక అధ్యయనం ప్రచురించారు. థీసిస్ రాస్తున్న విద్యార్థుల్ని, ఎప్పటికి పూర్తి చేస్తారని అడిగితే సగటున 34 రోజులన్నారు. అన్నీ అడ్డం తిరిగితే? 49 రోజులన్నారు. నిజంగా పట్టింది 55 రోజులకు పైనే. నెత్తిన పిడుగు పడుతుందని ఊహించి చెప్పిన తేదీని కూడా, ఏ పిడుగూ పడకుండానే దాటేశారు.

ఈ జబ్బుకు 1979లో పేరు పెట్టినవాళ్లలో ఒకరు డేనియల్ కానెమన్, తర్వాత నోబెల్ వచ్చినాయన. ఆయనకే ఇది సోకింది. ఇజ్రాయెల్‌లో హైస్కూలు పిల్లలకు, నిర్ణయాలు ఎలా తీసుకోవాలన్న విషయం మీదే, ఒక పాఠ్యపుస్తకం రాయడానికి బృందం కట్టాడు. ఎంతకాలం పడుతుందని అందర్నీ చీటీల మీద రాయమంటే ఏడాదిన్నరకూ రెండున్నరేళ్లకూ మధ్య రాశారు. పాఠ్యప్రణాళికల్లో తలపండిన ఒక సభ్యుణ్ని, ఇలాంటి బృందాలు గతంలో ఏమయ్యాయని అడిగారు. నలభై శాతం అసలు పూర్తి చేయలేదని, చేసినవి ఏడు నుంచి పదేళ్లు తీసుకున్నాయని ఆయన చెప్పాడు. చిత్రం ఏమిటంటే కొద్ది నిమిషాల ముందు చీటీ మీద ఆయనా రెండేళ్ల చుట్టుపక్కలే రాశాడు. అంతా విని, తల ఊపి, మళ్లీ పనిలో పడ్డారు. పుస్తకం ఎనిమిదేళ్లకు పూర్తయింది. అప్పటికి విద్యాశాఖకు ఉత్సాహం పోయింది. ఏ బడిలోనూ దాన్ని వాడలేదు. ఇంతమంది పండితులకు ఎవరూ ముఖ హాజరు పెట్టలేదు.

పనికి ఎక్కువ కాలం పట్టడమే కాదు, ఉన్న కాలమంతా పని మింగేస్తుందని సిరిల్ నార్త్‌కోట్ పార్కిన్సన్ 1955లో ‘ఎకనామిస్ట్’ పత్రికలో వ్యంగ్యంగా రాశాడు. బ్రిటిష్ నౌకాదళం లెక్కలే సాక్ష్యంగా చూపించాడు. 1914లో 62 పెద్ద యుద్ధనౌకలుండేవి, 1928కి 20 మిగిలాయి. అదే కాలంలో నౌకాదళ ప్రధాన కార్యాలయంలో అధికారులు 2,000 నుంచి 3,569కి పెరిగారు. ఓడలు తగ్గేకొద్దీ వాటి గురించి రాయవలసిన కాగితాలు పెరిగాయి. స్టాప్‌వాచ్‌లు మాత్రం అప్పటికీ ఇప్పటికీ ఓడ అడుగున బొగ్గు వేసేవాడి వైపే తిరిగి ఉంటాయి.

అసలు ఎవరూ లెక్కపెట్టని పని ఒకటి ఇంట్లో ఉంది. మన దేశంలో ఎవరు ఏ పనికి ఎంతసేపు వెచ్చిస్తున్నారని జాతీయ గణాంక కార్యాలయం దేశమంతా తిరిగి మొదటిసారి అడిగింది 2019లో, అప్పటికి స్వాతంత్ర్యం వచ్చి 72 ఏళ్లు. తెల్లవారుజాము నాలుగు నుంచి మర్నాడు నాలుగు దాకా రోజును అరగంటల గడులుగా విడగొట్టి, ఏ గడిలో ఏం చేశారో రాసుకున్నారు. కుక్కర్లో పప్పు, పక్క పొయ్యి మీద పాలు, బయట నల్లా నీళ్లు, లోపల హోంవర్క్ చేయని పిల్లాడు, ఇవన్నీ ఒకే అరగంటలో నడిపే మనిషిని గడిలో కూర్చోబెట్టడం ఎన్యూమరేటర్లకు ఎంత కష్టమైందో నివేదికలో లేదు. జీతం లేని ఇంటిపనిలో ఆ పని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు గడుపుతున్నారని తేలింది. మగవాళ్లలో ఆ పని ముట్టుకునేదే నూటికి 26 మంది. ముట్టుకున్నవాళ్లు గడిపేది 97 నిమిషాలు.

2024లో మళ్లీ సర్వే చేశారు. ఐదేళ్లలో ఆడవాళ్ల ఇంటిపని 289 నిమిషాలకు దిగింది, పది నిమిషాలు ఆదా. ఈ విషయంలో మగవాళ్లు వెనకబడిపోలేదు. తమ పనిని 97 నుంచి 88కి దించుకున్నారు, తొమ్మిది నిమిషాలు ఆదా. సమానత్వానికి ఒక్క నిమిషం దూరంలో ఉన్నాం.

ఆ 88 నిమిషాల్ని కూడా తక్కువ చేయకూడదు. సర్వే వాడే అంతర్జాతీయ పట్టీ ప్రకారం బండి రిపేరు చేసుకోవడం ఇంటిపనే. పెంపుడు కుక్కను చూసుకోవడం ఇంటిపనే. కూరగాయలు కొనడం, అందుకోసం బజారుకి వెళ్లి రావడం ఇంటిపనే. ఆ దారిలో టీ కొట్టు దగ్గర నలుగురు స్నేహితులు తగిలి, ముఖ్యమంత్రి ఏం చేసి ఉండాల్సిందో తేల్చడానికి గడిచిన ముప్పావుగంటకు మాత్రం ఆ పట్టీలో వేరే కోడ్ ఇచ్చారు. ఆ ఒక్క చోట సర్వేవాళ్లు మగవాళ్లకు అన్యాయం చేశారు.